నీలం తువ్వాలు వేసిన కుర్చీ

ఆ ఓడ వెనక కొసన, రెయిలింగ్ పక్కన, రెండు పడక కుర్చీలున్నాయట. వాటికి మంచి పేరు లేదు. ఒకదానిలో ఎవరైనా కూర్చోవచ్చు. రెండోదాని మీద మాత్రం ఎప్పుడు చూసినా ఒక నీలం తువ్వాలు పరిచి ఉంటుంది. ఎవరిదో తెలియదు...

ఆ ఓడలో ఒక పద్ధతి ఉంది. తువ్వాలు వేసి కుర్చీ పట్టి మనిషి ఎటో పోతే, కాసేపు చూసి పనివాళ్ళు ఆ తువ్వాలు తీసేస్తారు. బస్సు కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టిన వాళ్ళకు ఇది అన్యాయంగానే తోస్తుంది. అయితే ఈ ఒక్క తువ్వాలు జోలికి ఎవరూ పోరు. తీసినా మళ్ళీ వస్తుందట. తడిగా.

నేను ఓడ ఎక్కలేదు. ఎక్కింది నా తోడల్లుడు. ఈ సంగతి చెప్పింది ఆయన భార్య, అంటే మా ఆవిడ చెల్లెలు. తోడల్లుడు ఓడెక్కి విహారానికి పోతుంటే ఇంట్లో కూర్చున్నవాడికి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఆముదం తాగిన మొహంతోనే సాగనంపాను. కాలేజీలో మా ఫిజిక్సు మేష్టారు, బరువు లేనిది పదార్థం కాదు, అసూయ కూడా అంతే అనేవారు. ఆయనకు తోడల్లుడు ఉండి ఉండడు. సరే, కథలోకి వస్తాను.

తోడల్లుడిది కళ్ళద్దాల కొట్టు. మా మరదలు ఆయనకు రెండో భార్య. పెద్దావిడ పోయాక చేసుకున్నాడు. బతికున్న సవతితో వేగొచ్చు గానీ పోయిన సవతితో ఎవరు వేగుతారు? ఆవిడ కూర మాడ్చదు, మాట జారదు, ముసలిదీ కాదు.

ప్రయాణంలో ఒక రోజు ఓడ ఏ రేవులోనూ ఆగదు. చుట్టూ నీళ్ళే. తినడం, పడుకోవడం, లేచి మళ్ళీ తినడం. ఆ ఒక్క రోజైనా తనదిగా గడవాలని మరదలి కోరిక. జనం గోల లేదని పొద్దున్నే మొగుణ్ణి ఆ మూలకు తీసుకెళ్ళింది కూడా తనే. ఆయన కుర్చీలో వాలి, కాఫీ ఒక గుక్క తాగి, సముద్రం చూసి నిట్టూర్చాడు.

"అది ఉంటే ఎంత మురిసిపోయేదో..."

అంతే. మరదలు కప్పు అక్కడే పెట్టేసి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. బతిమాలడానికి వస్తాడని చూసింది. రాలేదు.

ఎండెక్కాక తనే వెళ్ళింది. అద్దం తలుపు ఇవతల నుంచి చూస్తే — మొగుడి బట్టతల. పక్క కుర్చీలో ఇంకో తల... నీలం తువ్వాలు ముసుగేసుకుని. ఆ కొసన గాలెక్కువ, అందరూ అలాగే కప్పుకుంటారు. ఓడ తువ్వాళ్ళన్నీ ఒకటే రంగు. ఆయన ఏదో చెబుతున్నాడు. భుజాలు ఊగేలా నవ్వుతున్నాడు.

తన దగ్గర ఆయన అలా నవ్విన గుర్తు లేదు.

మరదలు వెనక్కి వచ్చేసింది. భోజనాల వేళకు ఆయన రాలేదు. మళ్ళీ వెళ్ళి చూస్తే — అదే ముసుగు. ఈసారి ఆయన వైపు ఒరిగి వింటోంది.

తువ్వాళ్ళు ఏరుతున్న పనామెను పిలిచి గొంతు తగ్గించి అడిగింది. "ఆ పక్కనున్నావిడ ఏ గదిలో దిగింది?"

పనామె అటు చూసింది. చూసి, చేతిలోని తువ్వాళ్ళు గుండెకు హత్తుకుంది.

"అందులో ఎవరూ కూర్చోరమ్మా. అది మేం ముట్టుకోం."

"నాకు కనిపిస్తుంటేనూ."

"కనిపిస్తుందమ్మా... కొందరికి."

మీరూ నేనూ అయితే అక్కడే చెమటలు పట్టి గదికి పరిగెత్తేవాళ్ళం. మా మరదలికి ఒళ్ళు మండింది. "మనిషైతే జుట్టు పట్టుకునేదాన్ని బావగారూ," అంది నాతో. "దెయ్యమైతే అది పెద్దావిడే. చచ్చి కూడా నా ఒక్క రోజు నాకు వదలదా?"

పొద్దు వాలింది. జనం లోపలికి పోయారు. మరదలు నడిచి వెళ్ళింది...

కుర్చీ ఖాళీ. తువ్వాలొక్కటే ఉంది.

దభీమని అందులో కూర్చుంది. కూర్చోవడం కాదు, ఆక్రమించడం. ఆ తడి తువ్వాలే మీదికి లాక్కుని, రెండు చేతులతో గడ్డం కింద బిగించి పట్టుకుంది.

ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. కళ్ళద్దాలు జేబులో ఉన్నాయి. ఉప్పు తుంపర పడితే పాడవుతాయని పొద్దున్నే తీసేశాడట. కొట్టువాడికి సరుకు మీద ఉన్న ప్రేమ కళ్ళ మీద ఉండదు కదా. అవి లేకపోతే ఆయనకు స్తంభానికీ సంబంధీకుడికీ తేడా తెలియదు.

"చలేస్తోందా?" అన్నాడు మెల్లగా.

"ఊ."

"పొద్దున ఆ మాట అనకుండా ఉండాల్సింది. నువ్వు లేచి వెళ్ళిపోతే, ఇక ఇవాళంతా అలకే అనుకున్నా. అటు వెళ్ళి ఇటు వచ్చేశావు... ఒక్క దెప్పుడు లేదు, ఒక్క మూతి విరుపు లేదు. నేను వాగుతుంటే వింటూ కూర్చున్నావు."

మరదలు గడ్డం కింద తువ్వాలు ఇంకాస్త బిగించింది.

"నిజం చెప్పనా? ఇంత సుఖంగా ఏ రోజూ గడవలేదు నాకు. అది బతికున్నప్పుడు కూడా."

ఈ మాట కోసం కాపురమంతా ఎదురు చూసిన మనిషి. తీరా విన్నప్పుడు — మాట తన పేరునే ఉంది, రోజే తనది కాదు. పెద్దావిడ కాదన్నమాట. ఎవరో తనలా వచ్చి, తనకంటే బాగా కూర్చుని, తన మొగుణ్ణి నవ్వించి పోయింది.

కాదు, నేను రాలేదు, అని చెప్పాలా? చెబితే ఆ మాట కూడా పోతుంది.

"నేనేనా...?" అంది చివరికి.

"నువ్వు కాకపోతే ఎవరు? పొద్దున్నుంచీ చెయ్యి కూడా వదల్లేదు కదా."

"ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడు కూడా. ఏం, తిమ్మిరెక్కిందా?"

మరదలు కిందికి చూసుకుంది. తన చేతులు రెండూ గడ్డం కిందే ఉన్నాయి.

ఆయన చెయ్యి రెండు కుర్చీల మధ్య చీకట్లోకి వేలాడుతోంది. వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి...

"అమ్మాయ్, భయం వెయ్యలేదూ?" అన్నాను నేను.

"వేసింది బావగారూ. కానీ మొగుడు నావాడు. ఆ చెయ్యి రెండు చేతులతో దొరకబుచ్చుకుని, ఉన్న బలమంతా పెట్టి ఇటు లాగాను."

ఇంట్లో ఎవరూ వినడం లేదు కదా అన్నట్టు వెనక్కి చూసి, గొంతు తగ్గించింది.

"అవతలి నుంచి కూడా లాగారు."