కళ్ళు మూసిన కుందేలు

పోయినవాళ్ళ గుర్తుగా రాళ్ళు చెక్కడం ఆ శిల్పి పని. అయితే ఎవరి ముఖమూ చెక్కడు. మనిషి తీరుకు తగ్గ జంతువును చెక్కుతాడు. పట్టిన పట్టు వదలని ఓ ముసలాయనకు పొట్టేలును చెక్కి ఇస్తే, "అచ్చం మా తాతే" అంటూ మనవలు నవ్వుతూ ఏడుస్తూ పట్టుకెళ్ళారు.

సొంత కూతురు జ్వరంతో పోయాక మాత్రం అతనికి చెయ్యాడలేదు. చాన్నాళ్ళకు భార్యే అడిగింది.

"కుందేలును చెక్కు. అలికిడైతే చాలు, ఉలిక్కిపడి లేచేది. కళ్ళు మూసుకున్నట్టు చెక్కు. ఇకనైనా హాయిగా పడుకోనీ."

అలాగే చెక్కాడు. కాళ్ళు ముడుచుకుని, చెవులు వీపుకు ఆనించి నిద్రపోతున్న కుందేలు. ఒళ్ళో పట్టేంత.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. కరెంటు పోయింది. షెడ్డులో తడిసిన రాతిపొడి వాసన. రేకుల మీద సన్నగా వాన చప్పుడు. గుడ్డతో కుందేలును తుడుస్తుంటే అరచేతికి వెచ్చగా తగిలింది. చెయ్యి తీయబోయాడు... తీయలేకపోయాడు. ఆ జ్వరం వేడి అతను మరిచిపోయేది కాదు.

"నాన్నా... చీకటి."

గొంతు రాతిలోంచే వచ్చింది.

"ఇక్కడే ఉన్నానమ్మా," అన్నాడు గుసగుసగా.

"కనబడట్లేదు... తెరువు."

ఏ తండ్రి కాదనగలడు? ఉలి అందుకున్నాడు. ఒక్క దెబ్బా తప్పలేదు. ఒక కన్ను... రెండో కన్ను. కన్నీళ్ళకు తను చేస్తున్న పని తనకే ఆనలేదు.

దీపం పట్టుకుని భార్య వచ్చింది. కుందేలును చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎందుకు తెరిచావు?"

"అదే అడిగింది. నాన్నా అని పిలిచింది."

ఆమె దీపం కింద పెట్టింది. తర్వాత మెల్లగా అంది. "మన పాపకింకా మాటలే రాలేదు కదయ్యా."

వాన చప్పుడు ఎప్పుడు ఆగిందో... షెడ్డంతా నిశ్శబ్దం. "పోదాం పద" అని అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుంది. నేల మీద చతికిలబడి, రాయిని ఒళ్ళోకి తీసుకుని, మూతి నిమిరింది.

"ఎవరైతేనేం... అమ్మా అను. ఒక్కసారి."

ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. అయినా రాయిని దించలేదు.

అతను దీపం దగ్గరికి తెచ్చాడు. ఆమె వేలి మీద పళ్ళ గాట్లు. పాపకు వచ్చినవి రెండే పాలపళ్ళు...

ఇక్కడ పళ్ళ వరసంతా ఉంది.