ఏడో నెంబరు పడవ కింది ఇనుము

ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. ఒకే అచ్చున చేసిన ఏడు పడవలు. ఒకే తెరచాప, ఒకే బరువు, ఒకే గాలి. ఆరు ముందుకు పోయి ఒకటి నడినీళ్ళలో నిలబడిపోతే తప్పెవరిది?

"నడిపిన ఆడపిల్లలది" అని పోయిన ఆదివారం నుంచి కాలేజీ అంతా నవ్వుతోంది. దెయ్యాలు లేవని ఈ వేదిక మీదే వాదించి గెలిచినదాన్ని నేను. ఇప్పుడు వినండి.

పడవలన్నీ ఒకటే అయితే తేడా మనిషిలోనే తేలాలని పంతంపట్టి, డ్యాంలో జరిగే తెరచాప పడవల పందేనికి పేరిచ్చినాను. జతకు హాస్టల్లో నా గదిలో ఉండే కొట్రమ్మ. డ్యాం నీళ్ళలో మునిగిన ఊరి పిల్ల. యాభై మూడులో ఊరు ఖాళీ చేసిన రోజు వాళ్ళమ్మ "తలుపుకు గొళ్ళెం పెట్టొస్తా" అని బండి దిగి వెనక్కి పోయింది. మళ్ళీ రాలేదు.

ఈ పడవల అడుగున రెక్క మాదిరి ఇనుప దిమ్మె ఉంటుంది. అది ఉంటేనే గాలికి బోర్లాపడవు. మా ఏడో నెంబరుది విరిగితే కమ్మరి మారన్న పాత ఇనుము కరిగించి కొత్తది పోసినాడు. తూకం సరిపోయింది. ఏ ఇనుమని ఎవరూ అడగలేదు.

సాయంత్రం నాలుగింటికి వదిలినారు. ఆషాఢం గాలి. మేమే ముందు. నడినీళ్ళలో ఉన్నట్టుండి పడవ ఆగింది. తెరచాప ఉబ్బే ఉంది, తాళ్ళు అరచేతులు కోస్తున్నాయి. పడవ మాత్రం కదలదు. పక్కనుంచి తన పడవలో దూసుకుపోతూ మా క్లాసు ఇంద్రసేన అరిచినాడు.

"ఏం ప్రమీలమ్మా, ఒక ఉపన్యాసం ఇచ్చి చూడు, కదుల్తాదేమో!"

తాడుకు రాయి కట్టి వదిలినాను. అడుగు అందలేదు.

పొద్దు వాలుతోంది. మిగతా తెరచాపలు చిన్నవైపోయినాయి. అప్పుడు వాసన... పేడతో అప్పుడే అలికిన నేల వాసన. ఆ నీళ్ళ నడుమ.

టక్. టక్. టక్.

కాళ్ళ కిందే.

"అక్కా... కింద మా ఇల్లుండాది."

"మొద్దుదానా, ఏదో దుంగ తగుల్తాంది."

"దుంగ మూడుసార్లు కొట్టి, ఆగి, మళ్ళీ కొడతాదా?"

టక్. టక్. టక్.

"గొళ్ళెం అడగతాందక్కా. తలుపు మూసేకి."

ఒక కాలు నీళ్ళలో పెట్టేసింది. నడుము పట్టుకున్నాను. "వదులక్కా, అమ్మ ఒక్కతే ఉండాది..." బక్కపిల్ల. అయినా కింద ఇంకెవరో పట్టి లాగుతున్నంత బరువు. మోటారు పడవ వచ్చేదాకా నా చేతులు వదల్లేదు. అది తాడు కట్టి లాగినాక చప్పుడు ఆగింది.

కొట్రమ్మ ఆ రోజు నుంచి మాట్లాడదు. గది తలుపు దగ్గర కూర్చుని గొళ్ళెం తడుముతుంటుంది.

మారన్నను నిలదీసినాను.

"మునిగే ఊళ్ళల్లో నీళ్ళకు ముందే ఊడబెరికిన గొళ్ళేలమ్మా. గంపలు గంపలు పడుండె. ఏం, తూకం తప్పిందా?"

ఒడ్డుకు లాగిన పడవ అడుగు చూసినాను. రెండు గంటలు నీళ్ళలో ఉన్న ఇనుము... శుక్రవారం గడప మాదిరి పసుపు పూసి, మూడు కుంకుమ బొట్లు. తుడిచినాను. అరచెయ్యి పచ్చనైంది.

ఈ ఆదివారం మళ్ళీ పందెం. ఏడో నెంబరు పడవకు పేరు ఎవరిచ్చినారో తెలుసా? కొట్రమ్మ. నోరు విప్పని పిల్ల, తనే పోయి సంతకం పెట్టింది.

నన్ను నమ్మకపోయినా సరే. రేపు పొద్దున్నే స్పానర్లు పట్టుకుని పడవల షెడ్డుకు రండి. ఆ దిమ్మె విప్పి నడినీళ్ళలో వదిలేద్దాం, ఆ తల్లి తలుపు మూసుకోనీ. ఆలస్యం చెయ్యకండి. నేను తుడిచేసిన పసుపు, తాళమేసిన షెడ్డులో, ఈ పొద్దు ఆ దిమ్మె మీద మళ్ళీ తడిగా ఉంది.