బెల్లమే కదా

పొద్దున్నే టిఫినయ్యాక వేలికి సూది గుచ్చుకుని మిషన్ వైపు చూసిన దేవిశ్రీకి ఒళ్ళు మండిపోయింది. నూట ఎనభై ఆరు.

ఆమెకిప్పుడు ఏడో నెల. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగరని డాక్టరమ్మ చెప్పి మూడు వారాలైంది. ఆ రోజు నుంచి టీలో పంచదార లేదు, బిస్కెట్టు లేదు. ఇంటికొచ్చిన మాడుగుల హల్వా డబ్బాని మూతైనా తియ్యకుండా పక్కింటి పోతమ్మ చేతిలో పెట్టేసింది. అయినా అంకె దిగి రావడం లేదు. సోమవారానికీ ఇలాగే ఉంటే ఇన్సులిన్ తప్పదని, బిడ్డకి ప్రమాదమని డాక్టరమ్మ అంది. చాటుగా ఏమైనా తింటున్నావా అని కూడా అడిగింది.

ఆవిడంటే పరాయి మనిషి. కట్టుకున్న మొగుడికేమైంది? స్టీల్‌ప్లాంట్ డ్యూటీకి బయల్దేరుతున్న ఉదయ్‌కుమార్ అంకె చూసి మొహం ముడుచుకున్నాడు.

"నిజం సెప్పు దేవీ, ఏటి తిన్నావు?"

"మీ ముందేగా తిన్నాను. రెండు పెసరట్లు, అల్లప్పచ్చడి."

అతను నమ్మలేదు. మొన్న తన బీరువా కూడా వెతికాడని దేవిశ్రీకి తెలుసు. చీరల మధ్య మిఠాయి దాచుకునే మనిషిలా కనబడుతోందా తను? అతను వెళ్ళిపోయాక ఆ ఉక్రోషంతోనే మంచినీళ్ళ కోసం వంటింట్లోకి నడిచింది. ఏడో నెల వచ్చాక అత్తగారు గౌరీశ్వరి ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు.

గౌరీశ్వరి అప్పుడే ఉడుకుతున్న గుమ్మడికాయ పులుసులో నిమ్మకాయంత బెల్లం ముద్ద వేస్తోంది.

దేవిశ్రీది బెజవాడ. పెళ్ళయిన కొత్తలో ఈ ఇంటి పులుసు తియ్యగా ఉందని మొహం చిట్లించేది. నాలుగేళ్ళలో నాలుక అలవాటు పడిపోయి, ఆ తీపే మర్చిపోయింది. పులుసులో, పప్పుచారులో, పొద్దుటి అల్లప్పచ్చడిలో, అన్నిట్లోనూ ఇదే!

"నాకు షుగరని తెలిసే వేస్తున్నారా అత్తయ్యా?"

"డాక్టరమ్మ పంచదార మానమంది. నాను పక్కనే ఉన్నాను కదా. బెల్లం మానమందేటి? అనకాపల్లి బెల్లమే కదా, రకతం పడతాది."

"మూడు వారాలుగా అందరూ నన్ను దొంగని చేశారు. మీరు చూస్తూ ఊరుకున్నారు. రేపు నా బిడ్డకేదైనా అయితే అప్పుడూ బెల్లమే కదా అంటారా?"

గౌరీశ్వరి పీట మీద కూలబడింది.

"నా మొదటి కాన్పుకి మాయమ్మ నేదు. సలిమిడి పెట్టినవోళ్ళు నేరు. బిడ్డ దక్కనేదు. కడుపు సలవ సెయ్యనేదు కాబట్టే పోయిందన్నారు. నీకు తీపి తక్కువయితే మళ్ళీ అలాగయిపోద్దని బయమేసిందే, అమ్మా."

దేవిశ్రీ కోపం చల్లారలేదు. కానీ ముప్పై ఏళ్ళుగా ఒక్కర్తే మోస్తున్న ఆ నిందని విన్నాక అరవడానికి నోరు రాలేదు. పొయ్యి కట్టేసి, పక్కనే కూర్చుంది. సాయంత్రం కొడుకు ఇంటికొస్తే, పెళ్ళానికి క్షమాపణ చెప్పేదాకా గౌరీశ్వరి అతనికి కాఫీ ఇవ్వలేదు.

సోమవారం అంకె నూట ముప్పైకి దిగింది. ఇన్సులిన్ అక్కర్లేదంది డాక్టరమ్మ.

ఆ శుక్రవారమే బెజవాడ నుంచి దేవిశ్రీ తల్లి చలిమిడి తెచ్చింది. పేరంటాళ్ళంతా చేరి ఒడిలో పెట్టి దీవించారు. పోతమ్మ ఒక ముద్ద తుంచి, దేవిశ్రీ నోటి దగ్గరికి తెచ్చింది.

"పుట్టింటి సలిమిడి, కాదనకూడదు. బెల్లమే కదా."

అందరూ చూస్తున్నారు. కాదంటే అమ్మ చిన్నబుచ్చుకుంటుందేమోనని దేవిశ్రీ తడబడేలోపు, గౌరీశ్వరి వచ్చి పోతమ్మ చెయ్యి పట్టుకుంది.

"పెద్దలు ఒళ్ళో పెట్టమన్నారు. నోట్లో పెట్టమన్నారేటి?"

ఆ ముద్ద తీసి తన నోట్లో వేసుకుంది. ఆవిడ కళ్ళు నీళ్ళతో నిండాయి. తనకెవరూ పెట్టని చలిమిడి అది. దేవిశ్రీ ఒడిలోంచి ఇంకో ముద్ద తీసి, అత్తగారి నోటికి తనే అందించింది.