పదకొండుమంది పాఠకులు

బ్లాగర్ కుర్చీలోనే చనిపోయాడు. తల కీబోర్డు మీద వాలి ఉంది. పక్కన కప్పులో టీ మీగడ కట్టింది. ఒక్క గుక్క కూడా తాగలేదు.

డిపార్ట్‌మెంట్ డాక్టర్ శవం కాలర్ కిందికి లాగి చూపించాడు. మెడ వెనక ఆవగింజంత ఎర్రటి చుక్క.

"సూది. తెలిసినవాళ్ళే అయుండాలి. వెనక నిలబడేంత చనువిచ్చాడు."

గుమ్మం దగ్గర నిలబడ్డ బక్కపల్చటి మనిషి తలూపాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని ముంగిస అంటారు. పదిహేనేళ్ళ సర్వీసు, నాలుగు దేశాలు, మూడు బుల్లెట్ గాయాలు.

"టైమెంత?" అన్నాడు చీఫ్.

"పదకొండున్నర సార్."

"అయితే నాలుగున్నర గంటలుంది. విను."

చీఫ్ స్క్రీన్ వైపు వేలు చూపించాడు. ఆన్‌లైన్ ఆటల మీద పదేళ్ళుగా నడుస్తున్న బ్లాగ్ అది. ఏ కోటని ఎలా పట్టాలి, ఏ ఆయుధం దండగ, ఏ దారిలో వెళ్తే రాక్షసుడి నోట్లో పడతాం, అన్నీ అందులో ఉంటాయి. నాలుగువేలమంది చదువుతారు. వాళ్ళలో పదకొండుమంది శత్రుదేశంలో పనిచేస్తున్న మన ఏజెంట్లు. వాళ్ళు బ్లాగ్ తెరవరు. పోస్టు పడగానే వెబ్ ఫీడ్ దాన్ని తీసుకెళ్ళి వాళ్ళ ఫోన్‌లో పడేస్తుంది, ఇంటి గుమ్మంలో పేపర్ పడ్డట్టు. ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు. ఆటల పిచ్చోడి రాతల్ని ఏ గూఢచారి సంస్థ అనుమానిస్తుంది?

"ఇప్పుడు అనుమానించారు," అన్నాడు చీఫ్. "సాయంత్రం నాలుగింటికి పబ్లిష్ అయ్యేలా ఒక పోస్టు పెట్టి వెళ్ళారు. చదువు."

ముంగిస వంగి చూశాడు. 'ఈసారి వీరులందరూ తూర్పు కోట దగ్గర కలవండి.'

"తూర్పు కోటంటే రేవులో పాత గోదాము. నిన్నటి నుంచి అది వాళ్ళ చేతుల్లో ఉంది. పదకొండుమందీ నడుచుకుంటూ వెళ్ళి వల్లో పడతారు. పాస్‌వర్డ్ మార్చేశారు, ఇక్కడ చూడ్డమే గానీ ఏదీ మార్చనివ్వదు. కొత్తది పెట్టాలంటే బ్లాగర్ ఫోన్‌కి కోడ్ రావాలి. ఫోన్ లేదు."

"బ్లాగ్ మూయించేద్దాం."

"ఫీడ్ మూగబోతే ఏం చెయ్యాలో వాళ్ళకి ముందే చెప్పి ఉంచాం. అదే గోదాముకి రమ్మని."

ఆ పదకొండుమందిలో ఒకరు ముంగిస అక్క. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది అక్కే. ఈ ఉద్యోగంలోకి తెచ్చిందీ అక్కే. చూసి ఆరేళ్ళయింది.

"మీ అక్క సంగతి నాకు తెలుసు," అన్నాడు చీఫ్ మెల్లగా. "అందుకే నిన్ను పంపకూడదు. కానీ నీకంటే వేగంగా పరిగెత్తేవాడు నాకింకెవడున్నాడు?"

దారం పోగంత ఆధారం ఒక్కటే మిగిలింది. మహారాణి. గేమ్ టోర్నమెంట్లలో కామెంటరీ చెప్పే అందగత్తె, రెండేళ్ళుగా మన మనిషి. బ్లాగ్‌లో అప్పుడప్పుడు రాస్తుంది. లోపలికి వెళ్ళే రెండో దారి ఆమెకి తెలిసి ఉండొచ్చు. ఇవాళ ఆమె ఫైనల్స్‌లో ఉంది.

ల్యాబ్ చూసే పెద్దాయన్ని అందరూ బాబాయి అంటారు. ఆయన ముంగిస అరచేతిలో చొక్కాకి పెట్టుకునే చిన్న మైక్ పెట్టాడు.

"ఆమెకి తగిలించు. హాల్లో వినిపించాల్సింది హాల్లో వినిపిస్తుంది. వినిపించకూడనిది నీ చెవిలో వినిపిస్తుంది. స్విచ్ ఆపినా నీకు ఆగదు. రెండొందల అడుగులు దాటి వెళ్ళి పనిచెయ్యలేదని నన్ను తిట్టకు."

"బాబాయ్, నేనెప్పుడైనా తిట్టానా?"

"నువ్వు బతికి వచ్చి తిట్టు. సంతోషిస్తాను."

హాలు తేనెపట్టులా హోరెత్తుతోంది. ఆరువేలమంది కేకలు. ముంగిస నల్లటి టీషర్టు, మెడలో పాస్, భుజాన వైర్ల చుట్టతో స్టేజీ వెనక్కి వెళ్ళాడు. వైర్లు మోసేవాడి మొహం ఎవరూ చూడరు. మహారాణి అద్దం ముందు కూర్చుని ఉంది. వెండిరంగు గౌను, వెండిరంగు గోళ్ళు.

"ఎక్స్‌ట్రా లైఫ్ ఏమైనా ఉందా మేడమ్?"

ఆమె అద్దంలోంచే నవ్వింది. "ఒక్కటే మిగిలింది. అదీ అమ్మకానికి లేదు."

కోడ్ సరిపోయింది.

"బ్లాగర్ కనిపించడం లేదు," అన్నాడు ముంగిస మైక్ తగిలిస్తూ. "బ్లాగ్‌లోకి వెళ్ళాలి. అర్జెంట్."

"అయ్యో. పొద్దున్నే టీ కూడా తాగకుండా ఎక్కడికి పోయాడు?" ఆమె లిప్‌స్టిక్ మూత పెట్టింది. "పాస్‌వర్డ్ ఇంట్లో రాసిపెట్టాను. మూడున్నరకి బ్రేక్. తీసుకెళ్ళి ఇస్తాను. కంగారుపడకు."

కప్పులో మీగడ కట్టిన టీ సంగతి ఆ గదిలోకి వెళ్ళినవాళ్ళకి తప్ప తెలియదు.

"థాంక్స్ మేడమ్," అని ముంగిస వినయంగా బయటికి వచ్చాడు. స్పీకర్ల వెనక నక్కి చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. టైము రెండూ నలభై.

ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత ఫోన్‌లో ఆమె గొంతు, ఈసారి తేనె లేకుండా.

"ముంగిస వచ్చాడు. లేదు, నమ్మాడు. బ్లాగర్ ఫోన్ ముక్కలు చేసి నదిలో పడేశాను. బ్లాగ్‌ని ఇంక వాళ్ళు ముట్టుకోలేరు. ఒక్కటే భయం. ఫీడ్ అకౌంట్ వేరే ఉంది, వాడి అక్క పేరు మీద. ఓసారి మాటల్లో వాగాడు. మార్కెట్ వెనక స్కూల్ యూనిఫారాలు కుట్టే షాపు. మనిషిని పంపండి. నాలుగయ్యేదాకా ఆవిడ నోరు లేవకూడదు. ఆ తర్వాత కూడా లేవకపోతే ఇంకా మంచిది."

ముంగిస అప్పటికే చీఫ్‌కి ఫోన్ చేస్తూ మెట్లు దిగుతున్నాడు.

"సార్, మహారాణి వాళ్ళ మనిషి. చంపిందీ తనే."

"ఆమెని ఎంచింది నేను," అన్నాడు చీఫ్.

"ఏడవడానికి తర్వాత టైముంటుంది సార్. బాబాయిని లైన్లోకి పిలవండి. ఫీడ్ అకౌంట్ అంటే ఏంటి?"

విషయం వినగానే బాబాయి గొంతు మారిపోయింది. "ఒరేయ్, అది తూమురా! బ్లాగ్ చెరువనుకో, చదివేవాళ్ళు పొలాలు. మధ్యలో తూము ఆ అకౌంట్. తూము మన చేతికొస్తే వాళ్ళ చెరువుని వదిలేసి మన చెరువుకి తిప్పుకోవచ్చు. చదివేవాళ్ళకి తేడా తెలీదు. నేను కొత్త బ్లాగ్ కట్టి నిజమైన పోస్టు పెడతాను. నువ్వు పాస్‌వర్డ్ పట్టు. నాలుగు దాటిందా, ఇంక ఎవడూ ఏమీ చెయ్యలేడు."

వ్యాన్ మూడో సిగ్నల్ దగ్గర ఇరుక్కుపోయింది. ముందు బస్సు చెడిపోయి రోడ్డుకి అడ్డంగా నిలబడింది. అయిదు నిమిషాలు. పది. హారన్లు. ముంగిస తలుపు తీసి వ్యాన్‌ని అక్కడే వదిలేసి పరిగెత్తాడు. పాత బుల్లెట్ గాయం తొడలో సలుపుతోంది. ప్రతి అడుగుకీ ఒకే మాట గుండెలో కొట్టుకుంటోంది: అక్క నడుచుకుంటూ వెళ్ళిపోతుంది, తూర్పు కోటకి.

షాపులోకి పడేసరికి మూడూ ముప్ఫై ఎనిమిది. ఒకటే గది. గోడ పొడవునా నీలం నిక్కర్ల దొంతరలు. మెడలో టేపు, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, యాభై దాటిన మనిషి కాలర్లకి ఇస్త్రీ చేస్తోంది.

"అక్కా, మీ తమ్ముడి స్నేహితుణ్ణి. బ్లాగ్ ఫీడ్ అకౌంట్ మీ పేరు మీదుందట. పాస్‌వర్డ్ కావాలి, ఇప్పుడే."

"వాడేడీ?"

"డ్యూటీలో ఉన్నాడు."

"ఆటలకి డ్యూటీ ఏంటయ్యా?"

ముంగిస రొప్పుతూ బల్ల అంచు పట్టుకున్నాడు. శిక్షణలో నేర్పిన అబద్ధాలు పాతిక ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. "పదకొండుమంది ప్రాణాలు అక్కా. అందులో మా అక్క ఒకరు."

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. మారు మాట్లాడకుండా మూలన పాత కంప్యూటర్ మీది గుడ్డ లాగేసింది.

"ఎవరు చదవకపోయినా ఒక్కరైనా చదవాలని నా పేరు మీద తెరిచాడు. పదేళ్ళుగా ప్రతి పోస్టూ నాకొస్తుంది. ఒక్క ముక్క అర్థం కాదు. ఒక్కటీ వదల్లేదు." స్క్రీన్ వెలిగింది. "నేను వాడికి మొదటిసారి కుట్టిన చొక్కా కొలతలే పాస్‌వర్డ్. పొడవు, ఛాతీ, చెయ్యి, మెడ. పొడవు ఇరవై, ఛాతీ ఇరవయ్యారు, చెయ్యి పద్దెనిమిది..."

"మెడ?"

ఆవిడ పెదవులు కదిలాయి. గుర్తు రాలేదు. కీబోర్డు మీద పన్నెండున్నర కొట్టింది. ఎర్రగా వచ్చింది: తప్పు. మిగిలినవి రెండు అవకాశాలు.

పాత కొలతల పుస్తకాలు అటక మీద. ముంగిస స్టూలెక్కి దించాడు. పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. దొరికిన పేజీలో మెడ దగ్గరే నూనె మరక. మూడూ యాభై ఒకటి.

ఆవిడ కళ్ళు మూసుకుంది. రెండు చేతుల్నీ గాల్లో పెట్టి, ఎదురుగా ఓ పిల్లవాడు నిలబడ్డట్టు, మెడ చుట్టూ టేపు పట్టుకుంది.

"వాడి మెడ సన్నం. ఎప్పుడూ సన్నమే. పన్నెండు."

ఆ మెడని పొద్దున్న చూసిన ముంగిస మొహం తిప్పుకున్నాడు.

ఆవిడ పన్నెండు కొట్టింది. స్క్రీన్ మీద అకౌంట్ తెరుచుకుంది!

ఫోన్ స్పీకర్‌లో బాబాయి అరిచాడు. "కొత్త బ్లాగ్ అడ్రస్ చెప్తున్నా, ఒక్కో అక్షరం కొట్టమను!"

ఆవిడ ఒంటివేలితో కొట్టడం మొదలుపెట్టింది. అప్పుడే గుమ్మంలో నీడ పడింది. భారీ మనిషి, మర్యాదైన నవ్వు, చేతి మీద మడిచిన పాంటు.

"నాకు పాంటు పొడవు తగ్గించాలమ్మా."

ఆవిడ తలతిప్పి ఒక్క చూపు చూసింది. "నీ నడుము నలభై. అది ముప్ఫై రెండు. ఎవరిదయ్యా అది?"

మనిషి నవ్వు ఆరిపోయింది. పాంటు కింద పడింది. చేతిలో సూది మెరిసింది.

ముంగిస అతని మీదికి దూకాడు. ఇద్దరూ నీలం నిక్కర్ల మీద పడ్డారు. వాడి బరువు ముంగిసకి రెండింతలు. మణికట్టు పట్టుకున్నాడు గానీ సూది అంగుళం అంగుళం కిందికి దిగుతోంది. తొడ గాయం మీద మోకాలితో పొడిచాడు వాడు. కళ్ళు చీకట్లు కమ్మాయి.

"అక్కా, ఆపకండి!"

"ఇంకా నాలుగక్షరాలున్నాయయ్యా!"

"మూడూ యాభై తొమ్మిది!" బాబాయి గొంతు. "అమ్మా, చుక్క మర్చిపోయారు, చుక్క!"

సూది మొన ముంగిస గొంతుకి ఆనింది. చేతుల్లో శక్తి అయిపోయింది. ఇంక దేన్నీ ఆపలేనని అతనికి తెలిసిపోయింది. అక్కని తల్చుకున్నాడు.

"నొక్కాను!"

మరుక్షణం చుయ్‌మన్న శబ్దం, పెద్ద పొలికేక. ఆవిడ ఇస్త్రీపెట్టెని వాడి చేతి మీద ఆన్చింది. సూది ఎగిరిపడింది. ముంగిస లేచి, అదే పెట్టెతో వాడి కణత మీద ఒక్కటిచ్చాడు. మనిషి నిక్కర్ల మధ్య చల్లబడ్డాడు.

గోడ గడియారం నాలుగు కొట్టింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఆవిడ ఫోన్ చూశారు. ఫీడ్ తిరిగింది, తిరిగింది. కొత్త పోస్టు వచ్చి పడింది: 'తూర్పు కోటలో ఉచ్చు ఉంది. ఎవరూ ఎవరి కోసమూ ఆగకండి. పడమటి ద్వారం నుంచి ఒంటరిగా బయటపడండి.'

ముంగిస నేలమీద కూలబడ్డాడు. ఆవిడ చెల్లాచెదురైన నిక్కర్లని ఒక్కొక్కటే తీసి మడతపెట్టసాగింది.

"మా వాడు పోయాడు కదూ?"

ముంగిస కూడా ఒక నిక్కరు చేతిలోకి తీసుకున్నాడు.

"డ్యూటీ అన్నప్పుడు నా మొహం చూడలేకపోయావు. అప్పుడే తెలిసింది."

"తెలిసీ ఆ అడ్రస్ ఎలా కొట్టారక్కా?"

"వాడి ఆఖరి పని మధ్యలో వదిలేస్తానా?" మడతపెడుతున్న చేతులు ఆగాయి. అప్పుడు ఏడ్చింది. ముంగిస పక్కన కూర్చున్నాడు.

నాలుగూ పదికి మహారాణి చప్పట్ల మధ్య స్టేజీ దిగింది. మెట్ల కింద చీఫ్ స్వయంగా నిలబడి ఉన్నాడు. "మైక్ తీసెయ్యండమ్మా. మిగతా కామెంటరీ మా గదిలో వింటాం."

రెండు రోజుల్లో పదిమంది సరిహద్దు దాటారు. పదకొండో మనిషి జాడ లేదు. ముంగిస ఆఫీసు బల్ల మీదే పడుకున్నాడు, అన్నం ముట్టలేదు. మూడోరోజు పొద్దున తెలియని నంబర్ నుంచి ఫోన్ మోగింది.

"ఏరా, తిన్నావా?"

అతను ఫోన్‌ని చెవికి నొక్కుకుని, బల్ల మీద చల్లారిపోయిన అన్నం పొట్లాన్ని దగ్గరికి లాక్కున్నాడు.

ఆ మధ్యాహ్నం బాబాయి నవ్వు ఆపుకోలేక ఒక కాగితం తెచ్చి అతని ముందు పెట్టాడు. ఆ పోస్టు కింద పడ్డ కామెంట్లు. నిజమైన ఆటగాళ్ళు వందలమంది ఆ సలహా నమ్మి, ఆటలో పడమటి ద్వారం గుండా వెళ్ళి, మూకుమ్మడిగా చచ్చారు. అందరికంటే పైన ఎవరో పెద్దక్షరాల్లో రాశారు: 'పదేళ్ళ పాఠకుణ్ణి, ఇవాళ్టితో నీ ఫీడ్ మానేస్తున్నాను. నీ మాట నమ్ముకున్నవాడెవడూ ప్రాణాలతో బయటపడడు!'