చేటెడు తవుడు

ఒప్పందాల ఆఫీసులో పదిన్నరకే మూడో సవరణ. జోగినాయుడు అనే ముసలాయన వెనుతేదీ ప్రమాణం చేశాడు. ముప్ఫై ఏళ్ల కిందట తమ్ముడు పెరట్లో పనసచెట్టు తనకిచ్చేశానని నోటిమాటగా అన్నాడట. ఒప్పందాలన్నీ నమోదు చేసే పెద్దపలక ఆ గొంతు ఆయనదేనని తేల్చుకుని, చెట్టును అప్పటి తేదీతోనే ఆయన పేరిట ఎక్కించింది. నిజమో కాదో దానికి పట్టదు. ప్రమాణం చేశాడా లేదా, అంతే. ముప్ఫై ఏళ్లుగా తమ్ముడు తిన్న తొనలన్నీ ఇప్పుడు దొంగసొత్తు. ఆ తమ్ముడు పక్క కుర్చీలోనే నోరు తెరుచుకుని కూర్చున్నాడు. సవరణాధికారి తరుణి పలక మీద వేలు ఆనించింది. అధికారి వేలు పడందే ఏ దిద్దుబాటూ చెల్లదు.

ఇరవై నాలుగేళ్లుగా ఆ వేలికి అదే పని. ఈ మధ్య తరుణికి ఆ వేలంటేనే రోత పుట్టింది. అన్నం తినేటప్పుడు దాన్ని ముద్దకు తగలనివ్వదు.

తర్వాత ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. పైడితల్లికి పాతికేళ్లుంటాయి, ఒళ్లో మూడు నెలల పిల్ల. వెంట ఉన్న సన్యాసమ్మ పొరుగింటావిడ. పలక మీద వాళ్ల వివరం వెలిగింది. తరుణి చదివి, నమ్మలేక మళ్లీ చదివింది.

వస్తువు: ఆడశిశువు. అమ్మినవారు: పైడితల్లి. కొన్నవారు: సన్యాసమ్మ. ప్రతిఫలం: చేటెడు తవుడు. కొనుగోలుదారుకు నిల్వ అనుమతి లేదు. మూడు గంటలకు జీవవస్తు గోదాముకు తరలింపు.

"ఏం జరిగిందమ్మా?" అని అడిగింది.

"ముందు ఇద్దరు పుట్టి పోనారమ్మా," అంది పైడితల్లి. "ఈ పిల్లయినా దక్కాలని తొమ్మిదోనాడు సేటలో ఏసి ఈ పిన్నికి అమ్మేసినాను. పిన్ని తవుడు పోసి కొనుక్కుంది. ఇది నా పిల్ల, నువ్వు పెంచు అని మళ్లీ నా సేతికే ఇచ్చింది. అందుకే తవిటమ్మ అని పేరెట్టినాం."

"గోడ మీద వినుపలక ఉందని మరిసిపోనాం తల్లీ," అంది సన్యాసమ్మ.

ప్రతి ఇంటి గోడకూ ఒక వినుపలక ఉంటుంది. ఇచ్చాను, పుచ్చుకున్నాను అన్న మాటలు వినపడితే చాలు, ఒప్పందం రాసి పెద్దపలకకు పంపేస్తుంది. నవ్వుతూ అన్నారా, ఏడుస్తూ అన్నారా అన్నది దానికి అనవసరం. వస్తువు వేలిముద్ర చెల్లదు కాబట్టి, అమ్మకం నాటి నుంచి ఆ పిల్ల వేలిముద్రతో జరిగినవన్నీ వాటంతటవే రద్దయ్యాయి. టీకాలు రద్దు. పాలపొడి రద్దు. చివరికి పేరు కూడా రద్దు.

దారి ఒక్కటే, ఇద్దరూ పొరపడ్డామని ఒప్పుకునే ఉభయభ్రాంతి పత్రం.

"అమ్మకం ఉత్తుత్తిదని ఇద్దరూ పలకకు చెప్పండి. నేను వేలు ఆనిస్తాను, అయిపోతుంది," అంది.

సన్యాసమ్మ వెంటనే చెప్పేసింది. పైడితల్లి మాత్రం పిల్లను గుండెకు అదుముకుంది.

"ఉత్తుత్తిదని నానెలాగ సెప్తానమ్మా? అమ్మకం ఉత్తుత్తిదైతే పిల్ల నాదైపోద్ది. నాదైతే బతకదు."

"పైకి అనీయే, మనసులో అనుకోకు. పలక ఇంటే సాలు," అని బతిమాలింది సన్యాసమ్మ.

"పలక ఇన్న మాట, ఆ ఇద్దరినీ తీసుకుపోయినోడు ఇనడా పిన్నీ?"

తరుణి రకరకాలుగా నచ్చజెప్పింది. మధ్యాహ్నం దాటింది. రెండున్నరకు సూపరింటెండెంట్ వాసుదేవరావు పకోడీలు నములుతూ వచ్చాడు. వెనకాల గోదాము మనుషులిద్దరు, వాళ్ల చేతుల్లో గాలికన్నాలున్న పెట్టె.

"మూఢనమ్మకాలకి మన పత్రంలో గడి లేదు తరుణీ. తొందరగా తేల్చు," అన్నాడు. పిల్ల చెవికి బిగించాల్సిన వస్తుపట్టీని నూనె వేళ్లతోనే పట్టుకుని, పిల్ల చెవి ఎంతుందో వంగి చూశాడు. పిల్ల అతని వేలు పట్టుకోబోయింది. ఛీ, ఈ మనిషి పక్కనా తను ఇన్నేళ్లు కూర్చుంది, అనుకుంది తరుణి.

అతని మీద అసహ్యం ఎంతోసేపు అతని మీదే నిలవలేదు. ఉద్యోగంలో చేరిన రోజు తను మొట్టమొదట దిద్దినది తన పేరే. తవిటమ్మ అన్న పేరు కొట్టేసి తరుణి అని ఎక్కించి, కారణం గడిలో 'మోటుగా ఉంది' అని రాసింది. వాళ్లమ్మ చచ్చిపోయేదాకా వచ్చినవాళ్లందరితోనూ "ఇది నా పిల్ల కాదు, ఎదురింటి నారాయణమ్మది" అని చెప్పేది. స్నేహితురాళ్ల ముందు ఆ మాటకు తరుణి సిగ్గుతో చచ్చిపోయేది. అమ్మ ఆ మాట ఎంత భయంతో అనేదో పైడితల్లి మొహం చూశాక ఇప్పుడు తెలిసింది.

మూడుకు ఐదు నిమిషాలుంది. తరుణి తన కుర్చీలోంచి లేచి, బల్ల ఇటువైపు వచ్చి, అర్జీదారు కుర్చీలో కూర్చుంది. పలక మీద అరచెయ్యి పెట్టింది. అధికారి వేలు కూడా అందులోనే ఉంది.

"వెనుతేదీ ప్రమాణం. నా పేరు తవిటమ్మ. నలభై ఆరేళ్ల కిందట, పుట్టిన తొమ్మిదోనాడు నన్ను మా అమ్మ ఎదురింటి నారాయణమ్మకు చేటెడు తవుడుకి అమ్మింది. ఆ అమ్మకం నిజం. అందులో ఎవరి భ్రాంతీ లేదు."

పెద్దపలక గొంతు పోల్చుకుంది. 'నమోదైంది. సవరణాధికారి వస్తువు. వస్తువు వేలిముద్ర చెల్లదు. రద్దులు మొదలు.'

పొద్దున్న పోయిన పనసచెట్టు తమ్ముడి పేరుకు వచ్చేసింది. అదే వేలితో ఎక్కిన వాసుదేవరావు పదోన్నతి ఎగిరిపోయింది. ఇరవై నాలుగేళ్ల దిద్దుబాట్లు ఒక్కొక్కటే వెనక్కి నడుస్తూ ఒకచోట ఆగాయి. పెద్దపలకను నెలకొల్పిన ఒప్పందంలో పదకొండో పేజీలో ఒకప్పుడు ఒక తప్పు ఉండేది. దాన్ని దిద్దినదీ ఈ వేలే. ఆ దిద్దుబాటు రద్దయితే ఒప్పందమే చెల్లదు, పలకకు అధికారం ఉండదు. అధికారం లేని పలక దేన్నీ రద్దు చెయ్యలేదు. పలక అక్కడే నిలిచి వెలుగుతూ ఆరుతూ ఉంది.

మూడయింది. తరలింపు ఉత్తర్వు రాలేదు. గోదాము మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుని పెట్టెను కింద పెట్టారు.

"ఏం పనమ్మా ఇది!" వాసుదేవరావు చేతులు జోడించినంత పని చేశాడు. "ఉత్తుత్తిదే అని ఒక్క మాట చెప్పు. మిగతాది నేను చూసుకుంటాను. ఆ పిల్లకి కూడా ఏదో ఒకటి రాసేద్దాం. ఒక్క మాట!"

ఆమె పైడితల్లి ఒళ్లో పిల్ల వైపు చూసింది. ఇరవై నాలుగేళ్లుగా ఆ ఆఫీసులో నోటికి రానివ్వని యాస దానంతటదే వచ్చింది.

"ఉత్తుత్తిదని నానెలాగ సెప్తాను సారూ? బతికే ఉన్నాను గదా."