కళ్యాణదుర్గం ఇంటర్నెట్ గదిలో చావు

2002 మే 14. ఉదయం 7.40.

ప్రవీణ్ కంప్యూటర్ పక్కన కింద పడి ఉన్నాడు. కుడి అరచేయి నల్లగా కమిలింది.

డాక్టర్ ఒక్కటే చెప్పాడు. కరెంట్ షాక్.

ఎస్సై వీరప్ప గది చూశాడు. రెండు కంప్యూటర్లు, ఒక స్కానర్, మూలన ప్రవీణ్ కుడిచేతికి అందేంత దగ్గరలో ఇనుప డబ్బాలాంటి యూపీఎస్.

ప్రవీణ్‌కు ఇరవై తొమ్మిదేళ్లు. మూడేళ్ల కిందట ఇంటి ముందుగదిలో ఊళ్లోనే మొదటి ఇంటర్నెట్ సెంటర్ పెట్టింది అతనే. తర్వాత సొంతంగా వెబ్‌సైట్ మొదలుపెట్టాడు. ఏ పల్లెలో చినుకు పడింది, వేరుశెనగ ఎంత పలికింది, ఎవరి బోరు ఎండింది, అన్నీ ఫోటోలతో ఎక్కించేవాడు. దుబాయ్‌లో ఉన్న మనవాళ్లు అన్నం తినకముందే అది చూసేవాళ్లట. బెంగళూరు కంపెనీ ఒకటి తమతో కలవమని అడిగింది. వచ్చే సోమవారం సంతకాలు పెట్టాల్సింది.

తల్లి తిరుపాలమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు.

"ఎలక్ట్రీషియన్ జమాల్ సాబే చంపినాడు సార్. ఈ వైర్లన్నీ లాగినోడు ఆయప్పే."

పదకొండు గంటలకు జమాల్ సాబ్ స్టేషన్‌లో ఉన్నాడు. యాభై దాటిన మనిషి. బయట జనం పెరుగుతున్నారు. వైరింగ్ తప్పని తేలితే అతనికి జైలే.

"యూపీఎస్ ఎప్పుడు పెట్టినావు?"

"ఉగాదికి ముందు సార్."

"డబ్బాకు కరెంట్ ఎట్లొచ్చింది?"

"ఎలుక కొరికిండొచ్చు. అయినా ఎర్త్ ఉండాది సార్. ఇంటెనక గుంత తీసి నేనే వేసినా. డబ్బాకొచ్చిన కరెంటు భూమిలోకి పోవల్ల."

"పోలేదు కదా."



వీరప్ప యూపీఎస్ విప్పించాడు. ఎలుక నిజంగానే వైరు కొరికింది. రాగి తీగ డబ్బాను తాకుతోంది. మరి ఎర్త్ ఏమైంది?

మధ్యాహ్నం కోతతో పోయిన కరెంట్ సాయంత్రం 4.30కి వచ్చింది. ఇంటి వెనక అందరినీ పిలిపించాడు. లైన్‌మన్ తిమ్మప్ప ఒక బల్బు తెచ్చి, ఒక తీగ కరెంటుకు, ఇంకో తీగ ఎర్త్‌కు తగిలించాడు.

బల్బు వెలగలేదు.

"ఎర్త్ చచ్చిపోయింది సార్," అన్నాడు తిమ్మప్ప. జనం జమాల్ సాబ్ వైపు తిరిగారు.

వీరప్ప గుంత మూత తీయించాడు. పైపు ఉంది. వైరు తెగలేదు. ఉప్పూ బొగ్గూ వేసే ఉన్నాయి. మట్టి మాత్రం నెర్రెలిచ్చింది. పిడికిట్లోకి తీసుకుంటే దుమ్ములా జారింది.

ఒక బకెట్ నీళ్లు కావాలన్నాడు. తిరుపాలమ్మే లేచి తెచ్చింది. తనే పోసింది.

పది నిమిషాలు ఆగారు.

తిమ్మప్ప మళ్లీ తీగ తగిలించాడు. బల్బు వెలిగింది.

వీరప్ప నెమ్మదిగా చెప్పాడు. జమాల్ సాబ్ పనిలో లోపం లేదు. ఎర్త్ తడిగా ఉంటేనే కరెంటును లాక్కుంటుంది. మన నేలలో ఎండాకాలం రోజూ బకెట్ నీళ్లు పోయాల్సిందే. అవి ఆగిపోయాయి.

"నీళ్లు పోయమని ఎవరికి చెప్పినావు జమాల్ సాబ్?"

జమాల్ సాబ్ తల దించుకున్నాడు. "గుర్తు లేదు సార్."

"గుర్తు రాకుంటే కేసు నీమీదే పడుతుంది."

"పడనీ సార్."

ఖాళీ బకెట్ ఇంకా తిరుపాలమ్మ చేతిలోనే ఉంది.

"నాకే చెప్పినాడు సార్," అంది. "ట్యాంకర్ వారానికొకసారి వస్తాంది. తాగేకే నీళ్లు లేకుంటే మట్టికి పోసేదేందిలే అని నిలిపేస్తి. పదిహేను దినాలైంది. ఆ బకెట్టు ప్రవీణ్ స్నానానికి పెడతాంటి."

తిమ్మప్ప బల్బు ఆర్పాడు.

వీరప్ప కాగితం మీద ప్రమాదం అని రాశాడు. ఎవరి మీదా కేసు లేదు. జమాల్ సాబ్‌ను ఇంటికి వెళ్లమన్నాడు. అతను కదల్లేదు.

"సార్." తిరుపాలమ్మ గొంతు మారలేదు. "నేను నీళ్లు పోసేది నిలిపేస్తినని నా కొడుక్కు తెలుసునా?"

వీరప్ప పెన్ను మూత పెట్టి, మళ్లీ తీశాడు.

"తెలీదమ్మా వానికి," అన్నాడు జమాల్ సాబ్.

ఆ సంగతి అతనికెలా తెలుసని వీరప్ప అడగలేదు.