పెట్టె మీద ఒక్క పేరే

"స్టెల్లాని పట్టుకురావాలి. ప్రాణాలతో."

ఏలూరులో తివాచీల గోడౌను మేడ మీద, బయటి బోర్డులో లేని గూఢచారి ఆఫీసు అది. చీఫ్ జోగారావు ఆ ఆర్డరిచ్చింది ఏజెంట్ సుకుమార్‌కి. స్టెల్లా అతనికి కాబోయే భార్య. చర్చిలో పెళ్లి ప్రకటన రెండు ఆదివారాలు చదివేశారు, మూడోది మిగిలింది.

"ఏదో పొరపాటేమోనండీ," అన్నాడు సుకుమార్.

పక్కనే ఉన్న ఇంజనీరు గోపీనాథ్ లాప్‌టాప్ ఇటు తిప్పాడు. తాడేపల్లిగూడెం పాత ఎయిర్‌స్ట్రిప్ నుంచి తీరం కాపలాకి ఎగరాల్సిన డ్రోన్ సాఫ్ట్‌వేర్ అది. రాసింది ఇద్దరే, స్టెల్లా, గోపీనాథ్. నిన్న రిహార్సల్‌లో ఎవరో దూరం నుంచి పంపిన ఆదేశానికి డ్రోన్ దారి తప్పి, సముద్రంలో ఆగి ఉన్న విదేశీ ఓడ వైపు తిరిగింది. ప్రోగ్రాంలో ఏ ముక్క, అంటే ఏ ఫంక్షన్ తిప్పిందా అని తప్పులు వెతికే డీబగ్గర్‌లో చూస్తే, రాసినవాళ్లుగా ఒకటే పేరు: స్టెల్లా.

"డీబగ్గర్‌కి బంధుప్రీతి ఉండదండీ," అన్నాడు గోపీనాథ్ మెత్తగా. "ఆవిడ దొరికితే ఆదేశం పంపేవాళ్లుండరు. సాయంత్రం డ్రోన్ నిశ్చింతగా ఎగురుతుంది."

ఆ సాఫ్ట్‌వేర్ రాయడం అయ్యాక, ఆరు నెలలుగా స్టెల్లా రొయ్యల ఎగుమతిదారు వేషంలో ఆ ఓడ తాలూకు ముఠాలో ఉంది. పంపింది జోగారావే. ఇప్పుడు ఆమెను డబుల్ ఏజెంట్ అంటున్నదీ ఆయనే.

"నన్నే ఎందుకు పంపుతున్నారండీ?"

"నిన్ను చూస్తే పారిపోదయ్యా," అన్నాడు జోగారావు, అతని మొహం చూడకుండా.

కైకలూరు దాటాక సుకుమార్ రొయ్యల మేత కంపెనీ రెప్రజెంటేటివ్ అయిపోయాడు. నెత్తిన కంపెనీ టోపీ, చేతిలో టిఫిన్ క్యారియర్. క్యారియర్ అడుగు గిన్నెలో సెల్‌ఫోన్ జామర్, పై గిన్నెలో నిజంగానే పులిహోర.

కొల్లేటి ఒడ్డున దోనెలో పట్టుచీర, నల్లకళ్లద్దాలతో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది.

"పెట్టెలో చేప ఎవరిదండీ?" అన్నాడు. వాళ్లిద్దరికే తెలిసిన కోడ్‌వర్డ్.

"పైన పేరున్నవాళ్లదండీ," అంది స్టెల్లా. కళ్లద్దాలు తీసింది. నిద్రలేక కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. "నన్ను పట్టుకోడానికి మిమ్మల్నే పంపారా?"

"డీబగ్గర్ నీ పేరు చూపించింది స్టెల్లా."

"చూపిస్తుంది. కైకలూరులో ఏం చేస్తారండీ? రెండు చెరువుల చేప ఒకటే సైజైతే ఒకే పెట్టెలో ఐసేసి, పైన ఒక్క రైతు పేరే రాస్తారు. చేప కుళ్లిందని కలకత్తా నుంచి ఫోనొస్తే ఆ పేరున్నాయనే తిట్లు తింటాడు. మనం రాసింది యంత్రభాషలోకి మార్చే కంపైలరూ అదే చేసిందండీ. డ్రోన్‌ని ఇంటికి తిప్పే ఫంక్షన్ నేను రాశాను. దారి మళ్లించేది గోపీనాథ్ గారు రాశారు. యంత్రానికి రెండూ ఒకటే పని, చెప్పిన చోటుకి ముక్కు తిప్పడం. రెండెందుకని ఒకటి తీసేసింది. డీబగ్గర్ కోసం మిగిల్చిన పేరు నాది."

"రుజువు?"

"ఇలా రెండింటిని ఒకటి చేసే ఆప్టిమైజేషన్ ఆపేసి మళ్లీ కంపైల్ చేయించండి. అప్పుడు రెండూ విడివిడిగా ఉంటాయి. ఎవరి పేరొస్తుందో మీరే చూడండి."

సుకుమార్ ఫోన్ తీశాడు.

"వద్దండీ. ఆఫీసులో గోపీనాథ్ గారుంటారు."

"చీఫ్‌కే చేస్తున్నాను. రూలు కదా."

అక్కడే అతని బుద్ధి గడ్డి తింది. చోటు చెప్పాడు, సంగతి చెప్పాడు. "టెక్నికల్ విషయం కదా, గోపీనాథ్‌ని కనుక్కుంటానుండు," అన్నాడు జోగారావు. దొంగ చేతికి తాళాలు అందాయి.

కాసేపటికి చెరువు గట్టు మీద నుంచి ముఠావాళ్ల తుపాకి పేలింది. గూడబాతులన్నీ ఒక్కసారి లేచాయి. స్టెల్లా దోనెలోనే ఒరిగిపోయింది. సుకుమార్ ఆమె తల ఒళ్లో పెట్టుకుని రక్తం ఆపబోయాడు. ఆగలేదు.

"నా పేరు... సరిచేయించండి," అంది. అంతే. అతను చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

తాడేపల్లిగూడెం కంట్రోల్ రూమ్‌కి అతను చేరేసరికి డ్రోన్ గాలిలో ఉంది. మూలన గోపీనాథ్ ఫోన్ చూసుకుంటున్నాడు. నెత్తుటి చొక్కాతో వచ్చిన మనిషిని చూసి ఆపరేటర్ మెర్సీ లేచి నిలబడింది.

"ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చెయ్యమ్మా. నిన్నటి రిహార్సల్ దాని మీద నడుపు."

మెర్సీ నడిపింది. డీబగ్గర్ ఆగింది. తెర మీద పేరు: గోపీనాథ్.

"సార్, డ్రోన్ సముద్రం వైపు తిరిగిందండీ!" అని అరిచింది మెర్సీ.

గోపీనాథ్ బొటనవేలు ఇంకా ఫోన్ మీదే ఉంది. సుకుమార్ టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నె తిప్పాడు. ఫోన్‌లో సిగ్నల్ పోయింది.

"స్టెల్లా ఫంక్షన్ కొట్టు! ఇంటికి!"

మెర్సీ కన్సోల్ నుంచి ఆదేశం కేబుల్ మీద యాంటెన్నాకి, అక్కడి నుంచి డ్రోన్‌కి వెళ్లింది. ఓడ మీది మనుషులు కెమెరాలో కనపడేంత దగ్గరికి వెళ్లి, డ్రోన్ ముక్కు తిప్పి ఇంటి దారి పట్టింది. గోపీనాథ్ చేతులకు సంకెళ్లు పడ్డాయి.

ఆ ఆదివారం పాస్టరు గారు మూడో ప్రకటన చదవలేదు. స్టెల్లా కోసం ప్రార్థన చేశారు. సుకుమార్ వెనక బెంచీలో కూర్చుని ఒక్క పాటా పాడలేకపోయాడు.

కొన్నాళ్లకు ఢిల్లీ నుంచి కవరొచ్చింది. డ్రోన్‌ని కాపాడింది ఎవరి ఫంక్షనో అక్కడి ల్యాబ్‌లో కొత్త కంపైలర్‌తో పరీక్షించారట. ఈసారి అది రెండో పేరు ఉంచి మొదటిది తీసేసింది. ప్రశంసాపత్రం గోపీనాథ్ పేరున ఉంది.

"జైల్లో ఉన్నవాడికి దీన్నెలా అందిస్తామయ్యా?" అని జోగారావు తల పట్టుకున్నాడు.

స్టెల్లా పేరు సరిచేయమని సుకుమార్ రాసిన మూడు అర్జీలు ఆయన బల్ల మీదే ఉన్నాయి. సుకుమార్ ప్రశంసాపత్రం మీది పేరు వేలితో చూపించాడు.

"పెట్టెలో చేప ఎవరిదండీ?" అన్నాడు.

జోగారావు కళ్లజోడు తీసి, "ఏ చేపయ్యా?" అన్నాడు.